‘ది గ్రీన్ నైట్’ మూలకథను పాడుచేసిందా?

డేవిడ్ లోవరీ తీసిన ‘ది గ్రీన్ నైట్’ 2021లో విడుదలైనప్పటి నుంచి ఒక మాట ప్రచారంలో ఉంది: 14వ శతాబ్దపు ఆంగ్ల కావ్యంలో లేనివన్నీ దర్శకుడు కల్పించాడనీ, ఆర్థర్ రాజు కొలువులోని ధీరుడైన గవేన్‌ను పిరికివాణ్ణి చేశాడనీ, మిగిలిందంతా కంటికింపైన బొమ్మల కొలువేననీ. ఈ మూడింటికీ 2,530 పాదాల ఆ కావ్యంలోనే జవాబుంది.

గవేన్ నీటి అడుగు నుంచి వినిఫ్రెడ్ అనే సాధ్వి తలను పైకి తెచ్చే ఘట్టం కావ్యంలో లేదన్నది నిజమే. అయితే తాను తల నరికినా చావని పచ్చ వీరుడి నుంచి, మాట ప్రకారం ఏడాది తర్వాత తిరుగు వేటు అందుకోవడానికి అతణ్ణి వెతుకుతూ పోయే గవేన్ ఉత్తర వేల్స్‌లో ‘హోలీ హెడ్’ అనే చోటు దాటి విరల్ అడవి చేరాడని కవి చెబుతాడు. అది, తల తెగి మళ్లీ బతికిందని చెప్పుకునే వినిఫ్రెడ్ పేరిట వెలసిన హోలీవెల్ తీర్థమేనని కొందరు పండితుల అభిప్రాయం. మెడ అప్పగించడానికి బయలుదేరినవాడి దారిలో ఆ కథ ఎదురుకావడం అసందర్భమేమీ కాదు. సినిమాలోని మహాకాయులు సైతం కావ్యంలో ఒక్క మాటలో వచ్చిపోయేవారే.

పిరికితనం ఆరోపణ మరీ విచిత్రమైనది. కావ్యంలోని గవేన్ అప్పటికే పేరుమోసిన వీరుడు, సినిమాలో ఇంకా వీరపదవి దక్కని యువకుడు. ఈ మార్పును కాదనలేము. కాని ఏ రోజు దొరికింది ఆ రోజే ఇచ్చిపుచ్చుకుందామని ఆతిథ్యమిచ్చిన ప్రభువుతో ఒప్పుకొని, ఆ ప్రభువు భార్య ఇచ్చిన, ప్రాణం కాపాడుతుందన్న ఆకుపచ్చ నడికట్టును మూడోనాడు దాచినవాడు కావ్యంలోని గవేనే. గొడ్డలి దిగుతుంటే భుజాలు ముడుచుకున్నదీ, మెడ మీద గాటుతో బయటపడ్డాక తన పిరికితనాన్ని తానే తిట్టుకున్నదీ అతడే. సినిమాలోని గవేన్, పారిపోతే తన బతుకు ఏమవుతుందో దాదాపు మాటల్లేని దృశ్యాల్లో ఊహించుకొని, ఆ నడికట్టును తన చేతులతోనే విప్పేస్తాడు. ఇద్దరిలో పిరికివాడెవరో పాఠకులే తేల్చాలి.

ఇక బొమ్మల సంగతి. పచ్చ వీరుడి చర్మం, గడ్డం, గుర్రం అన్నీ పచ్చగా మెరవడాన్ని కవి తనివితీరా వర్ణించాడు; గవేన్ డాలు మీది ఐదు కోణాల నక్షత్రానికి అర్థం చెప్పడానికైతే, ఆలస్యమైనా సరేనంటూ కథనే ఆపేశాడు. ఆకుపచ్చ చిగురుకూ కుళ్లుకూ ఒకటే రంగని సినిమాలో ఆ ప్రభువు భార్య చెప్పే మాటలు విన్నవారు దాన్ని ఉత్త హంగు అనలేరు.

నిజంగా తప్పుపట్టవలసింది వేరే ఉంది. అడవిలో ప్రభువు జింకలను, అడవిపందిని, నక్కను వరుసగా వేటాడుతుంటే, పడకగదిలో అతని భార్య గవేన్‌ను వేటాడే ఆ జంట అల్లిక కావ్యానికి ప్రాణం. సినిమా దాన్ని దాదాపుగా వదిలేసి, నక్కను మాత్రం దారి తోడుగా మిగుల్చుకుంది.