శ్రీనగర్ డకోటా, మామునూరు స్పిట్‌ఫైర్లు: ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

ఈ మధ్య ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. కాలనీ గ్రూపులో వచ్చింది, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చివరికి మా వియ్యంకుడు కూడా "బావగారూ, మీరు ఎయిర్‌ఫోర్స్‌లో చేశారు కదా, ఇది చూశారా" అని పంపారు. ఆయనకు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. వియ్యంకుడితో వాదన దేనికి! మిగతావాళ్లకు మాత్రం ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మళ్లీ టైపు చేసే ఓపిక లేదు.

"నకిలీ యుద్ధ విమానాల గుట్టు" అని పేరు పెట్టిన ఆ మెసేజ్ సారాంశం ఇదీ. విదేశాల్లో ఎగురుతున్న రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలన్నీ నకిలీవట, వాటిలో పాతది నేమ్‌ప్లేటు ఒక్కటేనట. పాత లోహం మార్చకుండా ఉంచితేనే అసలు విమానమట, అప్పటి లోహం ఇప్పటిదానికన్నా గట్టిదట, రేటు పెంచుకోవడానికే కొత్త భాగాలు వేస్తున్నారట. భారతదేశం ఇలాంటి తుక్కు పని ఎన్నడూ చేయలేదట. మన ఎయిర్‌ఫోర్స్ దగ్గరున్న డకోటా రవాణా విమానం మాత్రం 1947లో కాశ్మీర్ యుద్ధానికి జవాన్లను తీసుకుని శ్రీనగర్‌లో దిగిన అదే విమానమట, నూటికి నూరు పాళ్లు ఒరిజినల్. ఇక కొసమెరుపు: నిజాం స్పిట్‌ఫైర్లకు (బ్రిటిష్ యుద్ధ విమానాలు) గ్రీజు పూసి, పెట్టెల్లో పెట్టి వరంగల్ దగ్గర మామునూరు రన్‌వే కింద పాతారట. కొత్త ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యేలోగా తవ్వి తీయాలట.

మామునూరు సంగతి ముందు తేల్చేద్దాం. నిజాం పేరుతో స్పిట్‌ఫైర్లు ఎగిరిన మాట నిజమే. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు, చిహ్నం మీద నిజాం తలపాగా కూడా ఉండేది. ఆ విమానాలు 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరాయి, తర్వాత బర్మా వైపు పోరాడాయి. పేరులో హైదరాబాద్ ఉన్నంత మాత్రాన వరంగల్‌లో పాతిపెట్టాలా? పెట్టెల్లో పాతిన స్పిట్‌ఫైర్ల కథ అసలు మనది కూడా కాదు, బర్మాది. డేవిడ్ కండల్ అనే బ్రిటిష్ రైతు ఏళ్ల తరబడి వెతికాడు. 2012లో బ్రిటన్ ప్రధాని కూడా బర్మా అధ్యక్షుడితో ఆ విషయం మాట్లాడారు. 2013లో పురావస్తు నిపుణులు వెళ్లి యాంగోన్ ఎయిర్‌పోర్టులో తవ్వారు. ఒక్క స్పిట్‌ఫైర్ కూడా దొరకలేదు, పాతిపెట్టినట్టు రికార్డుల్లో ఆధారమూ లేదు. అక్కడ తేలిపోయిన కథకు ఊరి పేరు మార్చి మన నెత్తిన రుద్దారు. నవ్వి వదిలేద్దును, కానీ మా వీధి కుర్రాడొకడు "అంకుల్, మెటల్ డిటెక్టర్ కిరాయికి దొరుకుతదా?" అని అడిగాడు. గుప్తనిధులంటూ మన దగ్గర గుళ్లు, గడీలు తవ్విపోస్తున్నది చాలదా నాయనా!

"భారతదేశం ఇలాంటి తుక్కు పని చేయలేదు" అన్నదానికి ఒక్క పేరు చాలు: లిబరేటర్. యుద్ధం అయ్యాక ఈ నాలుగింజన్ల అమెరికన్ బాంబర్లు కాన్పూర్‌లో కుప్పలుగా మిగిలాయి. యుద్ధంలో అమెరికా మిత్రదేశాలకు ఆయుధాలు అరువిచ్చిన లెండ్-లీజ్ ఒప్పందం ప్రకారం వాటిని తిరిగి ఇవ్వాలి, లేదా పనికిరాకుండా చేయాలి. బ్రిటిష్‌వాళ్లు రెండోది చేసి వెళ్లిపోయారు. ఆ శిథిలాల్లోంచే మన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్‌ఏఎల్) మనుషులు దొరికిన భాగం దొరికినట్టు వేసి, ఎలాగో ఎగిరే స్థితికి తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడుపుకుంటూ పోయాడు, అక్కడ పూర్తిగా బాగుచేశారు. 1948 చివర్లో 5వ స్క్వాడ్రన్‌లో చేరిన ఈ బాంబర్లు 1968 దాకా సర్వీసులో ఉన్నాయి. ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. మిగతా ప్రపంచం తన లిబరేటర్లను కరిగించేసుకుంది కాబట్టి బ్రిటన్, కెనడా, అమెరికా మ్యూజియంలు మన దగ్గరికొచ్చి తీసుకెళ్లాయి. మెసేజ్ రాసినాయన తిట్టిపోస్తున్న విదేశీ మ్యూజియంలలోనే మన కాన్పూర్ తుక్కు నిలబడి ఉంది.

ఇప్పుడు అసలు పాయింటు. మిగతావి చదివి మర్చిపోయే రకం. ఇది అలా కాదు, నమ్మితే మనుషులు పోతారు. "పాత లోహం గట్టిది, మార్చకపోతేనే అసలు" అన్నది.

నేను సర్వీసంతా ఎయిర్‌ఫ్రేమ్ పనే, అంటే విమానం బాడీ, రెక్కల పనే చేశాను. లోహం గురించి ఇంత ధైర్యంగా మాట్లాడేవాళ్లను హ్యాంగర్‌లో చూడలేదు, వాట్సాప్‌లోనే చూస్తున్నాను. విమానానికి వాడే అల్యూమినియం మిశ్రమం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టి ముందే చెప్పదు. లోపల పొరల మధ్య తినేసి, పైకి పెయింటు నున్నగానే ఉంచుతుంది. వేలితో నొక్కితే అప్పుడు పొరలు పొరలుగా లేచొస్తుంది. ఫెటీగ్, అంటే పదే పదే వంగి లోహం అలిసిపోవడం, ఇంకా మోసకారి. రెక్క పైకీ కిందికీ వంగిన ప్రతిసారీ ఏదో ఒక రివెట్ రంధ్రం దగ్గర వెంట్రుక కన్నా సన్నని పగులు కొంచెం పెరుగుతుంది. కంటికి కనపడదు, దానికి వేరే పరీక్షలున్నాయి. స్పిట్‌ఫైర్ రెక్కలో బరువంతా మోసే స్పార్ చూడండి: ఒకదానిలో ఒకటి దూర్చిన చదరపు గొట్టాలు. లోపలి గొట్టం ఎలా ఉందో బయటి నుంచి ఎవడు చెప్పగలడు? అందుకే ఎగరాల్సిన విమానానికి కొత్త స్పార్ వేస్తారు, రివెట్లు మారుస్తారు, చాలాచోట్ల రేకూ మారుస్తారు. పైగా ఇవి ఎనభై ఏళ్లు ఎగరాలని కట్టినవి కావు. కొన్ని నెలలు బతికితే చాలనుకుని కట్టినవి.

పాత రెక్కను నమ్ముకుంటే ఏమవుతుందో మయామీలో చూశారు. 2005 డిసెంబరులో, 1947 నాటి గ్రమ్మన్ మల్లార్డ్ సీప్లేన్ ఒకటి టేకాఫ్ అయిన కాసేపటికే కుడి రెక్క ఊడి సముద్రంలో పడింది. అందులో ఉన్న 20 మందీ చనిపోయారు. కారణం ఫెటీగ్ పగులు. అంతకుముందు అక్కడ మరమ్మతు కూడా చేశారు, అయినా పగులు లోపల అలాగే ఉండిపోయింది. మన మెసేజ్ లెక్కన ఆ రెక్క నూటికి నూరు పాళ్లు ఒరిజినల్! సంతోషమేనా?

పాతదాన్ని ముట్టుకోకుండా ఉంచాల్సిన చోటు లేదా? ఉంది. నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద 1942లో దిగి, మునిగిపోయిన హాలిఫాక్స్ బాంబర్‌ను 1973లో పైకి తీశారు. లండన్ మ్యూజియంలో దాన్ని బాగుచేయకుండా, తీసింది తీసినట్టే పెట్టారు. అది ఇక ఎగరదు కాబట్టి దాని తుప్పును కూడా దాచుకోవచ్చు. ఎగరాలంటే మార్చక తప్పదు. ఈ రెండింటినీ కలిపేసి "మార్చారు కాబట్టి మోసం" అనడం ఏం తెలివి? పోనీ మన హనుమకొండలోనే చూడండి. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పారు, పునాది మళ్లీ వేశారు, పాడైన రాళ్ల బదులు కొత్తవి చెక్కించి పెట్టారు, 2024 మహాశివరాత్రికి తెరిచారు. దాన్ని ఎవరైనా నకిలీ మండపం అన్నారా? మెసేజ్ పంపినవాళ్లే అక్కడ సెల్ఫీలు దిగి స్టేటస్ పెట్టుకున్నారు.

ఇక నేమ్‌ప్లేటు సంగతి. "అన్నీ నకిలీ" అన్నది అబద్ధం. 1940 యుద్ధంలో పాల్గొన్న పీ7350 అనే స్పిట్‌ఫైర్ 1948లో తుక్కు కింద 25 పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాని చరిత్ర గుర్తించి మిగిల్చారు. అది ఇప్పటికీ బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌దే. ఆ మాటకొస్తే యుద్ధం జరుగుతున్నప్పుడే కూలిన విమానం రెక్క ఇంకోదానికి, దీని ఇంజిన్ దానికి వేసేవాళ్లు. సర్వీసులో మేం చూసిందీ అదే. ఇంజిన్ మారుతుంది, చక్రాలు మారతాయి, రెక్క కూడా మారుతుంది. విమానం మాత్రం అదే నంబరుతో, అదే ఎఫ్-700 అనే మరమ్మతుల రికార్డుతో నడుస్తుంది. ఎప్పుడు ఏది తీసి ఏది వేశారో ఆ కాగితంలో రాసి ఉంటుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి, ఇది నా పాత సహోద్యోగులకు నచ్చదు. మెసేజ్ రాసినాయన గుడ్డిగా విసిరినా ఇక్కడ రాయి కొంత తగిలింది. ఫ్రాన్స్‌లో కలే తీరాన 1940 మేలో దిగిపోయిన పీ9374 అనే స్పిట్‌ఫైర్ 1980లో ఇసుకలోంచి బయటపడింది. దాన్ని తిరిగి కట్టి 2011లో ఎగరేశారు, 2015లో వేలం వేస్తే 31 లక్షల పౌండ్లు పలికింది. సముద్రపు ఉప్పులో నలభై ఏళ్లు నానిన రేకుతో ఎవరూ ఎగరరు కదా. దాని విషయంలో ఏం జరిగిందో దాచలేదు కాబట్టి నాకు పేచీ లేదు. కానీ ఒక ప్లేటు, గుప్పెడు ముక్కలు చేతిలో పెట్టుకుని, మిగతాదంతా డ్రాయింగులు చూసి కొత్తగా తయారుచేసి, "యుద్ధంలో పోరాడిన విమానం" అని అమ్మితే? అది అద్భుతమైన పనితనమే, ఎగరడానికి నిక్షేపంలాంటి విమానమే. కానీ నా దృష్టిలో అది కొత్త స్పిట్‌ఫైర్. కొనేవాడు కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ నంబరుకే పోతోందంటే ఏది పాతదో, ఏది కొత్తదో పట్టీ రాసి ఇవ్వాలి. ఇవ్వనివాడిని మోసగాడంటే నేను అడ్డుపడను.

అదే పట్టుదల డకోటా దగ్గర ఏమైందో మరి. విదేశీ విమానానికి ప్లేటు తప్ప ఏమీ పాతది కాదని గింజుకున్న మనిషి, మనదానికి తోక మీద పెయింటుతో రాసిన నంబరు చూసి పొంగిపోయాడు! 1947 అక్టోబరు 27న ఒకటో సిక్కు బెటాలియన్ జవాన్లతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరు వీపీ905. ఇప్పుడున్నది ఐర్లండ్‌లో తుక్కుగా పడి ఉన్న వేరే డకోటా. అప్పటి రాజ్యసభ ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని 2011లో కొని, బ్రిటన్‌లో బాగుచేయించి ఎయిర్‌ఫోర్స్‌కు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో డకోటా పైలట్. 2018 ఏప్రిల్‌లో అది కోవెంట్రీ నుంచి ఆగుతూ ఆగుతూ సొంత రెక్కల మీదే జామ్‌నగర్ దాకా ఎగిరొచ్చింది, మేలో హిండన్‌లో అప్పగించారు. పరశురామ అని పేరు పెట్టారు, శ్రీనగర్ విమానం గౌరవార్థం ఆ నంబరు రాశారు. ఎయిర్‌ఫోర్స్ ఇదేమీ దాచలేదు, అప్పుడే చెప్పింది. "అదే విమానం" అన్నది ఫార్వర్డ్ చేసినవాళ్లే. ఎయిర్‌ఫోర్స్ నన్నడిగితే (అడగదు, తెలుసు) దాని పక్కన చిన్న బోర్డు పెట్టమంటాను: ఈ విమానం మొదటి నంబరు ఏది, ఏ ఏడు కట్టారు, ఎవరెవరి చేతుల్లో నడిచింది, ఏ భాగాలు ఎప్పుడు మార్చారు. వీపీ905 కథ కింద రెండో పేరాలో ఉన్నా సరిపోతుంది.