తగ్గిందనుకున్నప్పుడే మందు మానకూడదు

మా చిన్నమ్మ కూతురు తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. కొన్నేళ్ల కిందట ఒక పొద్దున కుంకుమ భరిణె తెరిచి, "ఇదేందిమా, రంగు ఇట్లా వెలిసిపోయింది?" అనింది. ఎడమకంటితో చూస్తే ఎర్రగానే ఉంది. కుడికంటితో చూస్తే ఇటుకపొడి మాదిరి కనిపిస్తోంది. కన్ను తిప్పితే లోపల నొప్పి. చూపించుకున్న చోట అద్దాలు మార్చి పంపించారు. నెలన్నరకు చూపు దానంతటదే తేరుకుంది. ఈలోగా వాళ్లమ్మ మొక్కుకొని ఉంది కాబట్టి అందరూ కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చారు. రెండేళ్లు గడిచినాయి. బస్టాండు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పు చేతికిచ్చారు. ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

ఎమ్మారై తీస్తే మెదడులో, వెన్నుపాములో తెల్లటి మచ్చలు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు.

ఈ జబ్బును 1868లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో వివరంగా రాసిపెట్టాడు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, నరాల మీద ఉండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. ఏ నరం మీది పొర చెడితే ఆ పని కుంటుపడుతుంది. అందుకే ఒకరికి చూపు, ఇంకొకరికి కాలు, మరొకరికి మూత్రం మీద పట్టు పోతాయి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం. నరాల డాక్టర్లు లేని ప్రాంతం కాదు మనది. కానీ కంటికి కంటి డాక్టరు, కాలికి ఎముకల డాక్టరు, మూత్రానికి ఇంకొకరు అని తిరుగుతాం. అప్పుడెప్పుడో కన్ను మసకబారిన సంగతి కాలు చూసే డాక్టరుకు చెప్పాలని మనకు తోచదు, ఆయనా అడగడు. ఆ రెండూ ఒకే జబ్బని తేలేసరికి ఏళ్లు గడుస్తాయి.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నూటికి 85 మందికి ఈ జబ్బు వచ్చిపోయే తీరులోనే మొదలవుతుంది. ఒక దెబ్బ కొడుతుంది, కొన్ని వారాలుండి చాలావరకు తగ్గుతుంది. ఏ మందూ వాడకపోయినా తగ్గొచ్చు. ఆ వారాల్లో మనం ఏం చేసి ఉంటే పేరు దానికే పోతుంది: పసరు తాగితే పసరుకు, తాయెత్తు కడితే తాయెత్తుకు. మొక్కును నేను తప్పుపట్టను. ఏడుకొండల నీడలో పెరిగినవాణ్ని, మా ఇంట్లోనూ కష్టమొస్తే ముడుపు కడతారు. కానీ ముడుపు కట్టినాం, తగ్గింది, ఇంక మందెందుకు అనే మాట విన్నప్పుడు మాత్రం నాకు గుండె జారిపోతుంది. ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఆ పూటకు తేరుకోవడానికే. మళ్లీ దెబ్బ రాకుండా చూసే మందులు వేరు. వాటిని బాగున్న రోజుల్లోనే తీసుకోవాలి. బయటికి ఏమీ కనిపించని నెలల్లో కూడా లోపల కొత్త మచ్చలు పడుతూనే ఉండొచ్చు.

అలాంటి మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్, 1993లో వచ్చింది. ఇప్పుడు చాలా ఉన్నాయి, చాలావాటి ధర మధ్యతరగతికి అందదు. మన దేశంలో డాక్టర్లు రిటుక్సిమాబ్ అనే మందు వైపు మొగ్గడానికి ధర కూడా ఒక కారణం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఈ జబ్బుకు అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఒకరికి పనిచేసిందని ఇంకొకరు అదే మందు వాడేయకూడదు. ఎన్‌ఎంఓ అని మల్టిపుల్ స్క్లీరోసిస్‌ను పోలిన జబ్బు ఇంకొకటి ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్‌కు మేలుచేసే కొన్ని మందులు దానికి కీడు చేస్తాయి. రక్తపరీక్షతో చాలావరకు తేడా తెలుస్తుంది, అది చేయించకుండా ముందుకు పోకూడదు.

ఇక ఇల్లు. ఒళ్లు కాస్త వేడెక్కినా ఈ జబ్బున్నవాళ్లకు చూపు మసకబారుతుంది, కాళ్లు తేలిపోతాయి. చల్లబడితే మళ్లీ సర్దుకుంటాయి. మన మే నెల ఎండలు తెలిసినవే. గంగజాతరకు చుట్టాలంతా దిగిన ఇంట్లో, పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడి వచ్చి మంచమెక్కే కోడల్ని చూసి "బాగానే ఉండావు కదా" అంటారు. ఆ అలసట నిద్రపోతే తీరేది కాదు, బద్ధకమూ కాదు. కాన్పు సంగతీ అంతే. కడుపుతో ఉన్నప్పుడు దెబ్బలు తగ్గుతాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే పుట్టింట్లో బాలింతకు కాగే నీళ్లు పోస్తుంటారు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలని, మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలని ఆ తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి.

చట్టంలో వీళ్లకు చోటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఒకటి. మన రాష్ట్రంలో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛను. కానీ ఈ జబ్బు ఈరోజు ఉన్నట్టు రేపుండదు. పొద్దున చల్లటి పూట ఆ శాతం తేల్చే పరీక్షకు పోయి పది అడుగులు చక్కగా వేస్తే, మధ్యాహ్నం గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ కాగితంలోకి ఎక్కదు. ఒక్కరోజు నడకను కాదు, ఏడాది పొడుగునా డాక్టరు రాసిన చీటీలను, ఎమ్మారైలను చూసి శాతం వేయాలి. వృద్ధులు, దివ్యాంగుల దర్శనం వరుసలో ముప్ఫై ఏళ్ల మనిషిని చూసి మొహం చిట్లించేవాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలి.

మా చెల్లెలు ఇప్పుడు వంట పొద్దున ఆరింటికల్లా ముగిస్తుంది. బడిలో కింది అంతస్తు తరగతి అడిగి తీసుకుంది. ఆరునెలలకొకసారి ఆస్పత్రిలో ఒక పూటంతా పడుకుని మందు ఎక్కించుకుని వస్తుంది. ఒకప్పుడు "బద్ధకం" అన్న అత్తగారే వాళ్లింట్లో టీటీడీ క్యాలెండరు మీద ఏకాదశుల పక్కన ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుడుతుంది.