ఎందుకైనా మంచిదని రెండో ట్రాన్సిట్ డిక్లరేషన్ వేసేవాళ్లకు

మన విశాఖ పోర్ట్ ఏరియాలో డాక్యుమెంటేషన్ సీట్లలో కూర్చునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల వెనక నిలబడి "ఎందుకైనా మంచిది, ఇంకోటి వేసెయ్" అని తొందరపెట్టే మేనేజర్లకు ఈ పోస్ట్. దయచేసి వెయ్యకండి. మన పోర్టులో దిగి నేపాల్ వెళ్లే సరుకుకి కస్టమ్స్‌లో వేసే కాగితం ఇది. ఒక సరుకుకి ఒకే ట్రాన్సిట్ డిక్లరేషన్. మొదటిది వెళ్లిందో లేదో అనుమానం ఉంటే కనుక్కోండి. రెండోది వేసినంత మాత్రాన ఆ అనుమానం తీరదు.

నేపాల్ సరుకు మన ఊరికి రావడం మొదలై ఎంతో కాలం కాలేదు. అంతకుముందు ఎక్కువగా కలకత్తా, హల్దియాల మీదుగానే వెళ్లేది. 2016 ఫిబ్రవరిలో రెండు దేశాలూ లేఖలు మార్చుకున్నాక విశాఖకు ఆ దారి తెరుచుకుంది. ఇక్కడ దిగిన బాక్స్, అంటే కంటైనర్, ర్యాక్ (గూడ్స్ రైలు) ఎక్కి, సరిహద్దులోని రక్సాల్ మీదుగా నేపాల్‌లోని బీర్‌గంజ్ డ్రై పోర్టుకి (సముద్రం లేనిచోట కంటైనర్లు దిగే యార్డుకి) వెళ్తుంది. 1,400 కిలోమీటర్ల పైమాటే. కలకత్తా నుంచైతే ఇందులో సగం దూరమే. అయినా మన దగ్గరికి వస్తున్నారంటే పని చకచకా అవుతుందన్న నమ్మకంతోనే కదా. ఆ నమ్మకాన్ని మనమే పాడుచేసుకుంటే ఎలా?

ఈ సరుకు మన దేశంలో వాడకానికి కాదు కాబట్టి మన కస్టమ్స్ సుంకం తీసుకోదు. బదులుగా, సీల్ చెక్కుచెదరకుండా బాక్స్ సరిహద్దు దాటుతుందని మాట తీసుకుంటుంది. ట్రాన్సిట్ డిక్లరేషన్ అంటే ఆ మాటే. దాని వెనక బాండో, ఇన్సూరెన్సో, ఏదో ఒక పూచీ ఉంటుంది. అవతల సీల్ చూసి, దాటిందని ధ్రువీకరిస్తే లెక్క మూసేస్తారు. మరి అదే బాక్స్ మీద రెండో డిక్లరేషన్ ఉంటే? బాక్స్ ఒక్కసారే దాటుతుంది. రెండోదాని కింద దాటడానికి సరుకే ఉండదు, లెక్క తెరిచే ఉంటుంది. రికార్డు చూసే అధికారికి అది దారిలో మాయమైన కంటైనర్‌లాగే కనిపిస్తుంది. సుంకం కట్టని సరుకు దేశంలోనే ఎక్కడో దిగిపోయిందా అని అడగడం ఆయన డ్యూటీ. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు.

నేను చూసినంతలో రెండోది పుట్టేది చెడు ఉద్దేశంతో కాదు. షిప్పింగ్ లైన్, అంటే ఓడ కంపెనీ, ఇచ్చిన మాస్టర్ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు రసీదు) మీద కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఏజెంట్ ఒకటి వేస్తాడు. వ్యాపారి తరఫున రవాణా ఏర్పాటు చేసే ఫార్వార్డర్, తాను విడిగా ఇచ్చిన హౌస్ బిల్ మీద ఇంకోటి వేస్తాడు. ఇద్దరి దగ్గరా నంబర్లు వేరు కాబట్టి ఇద్దరికీ తమదే మొదటిదనిపిస్తుంది. ఒక్కోసారి బిల్ కూడా ఒకటే, రాసే తీరే తేడా. ఒకరు లైన్ కోడ్ నాలుగు అక్షరాలూ ముందు పెట్టి కొడతారు, ఇంకొకరు అంకెలు మాత్రమే కొడతారు. మనిషి చూస్తే ఒకటేనని తెలుస్తుంది, కంప్యూటర్‌కి తెలియదు. ఒక బిల్ మీద ఐదు బాక్సులుండి, ర్యాక్‌లో మూడింటికే చోటు దొరికితే మిగతా రెండింటికి మళ్లీ మొత్తం ఐదూ వేసేవాళ్లున్నారు. ఇక సబ్మిట్ కొట్టాక పేజీ తిరుగుతూనే ఉంటే మళ్లీ కొట్టేవాళ్ల సంగతి సరేసరి.

అందుకే, ముందే ఒకటి పడిందేమో బిల్ నంబర్‌తో కాకుండా కంటైనర్ నంబర్‌తో వెతకమంటాను. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, మొత్తం పదకొండు. చివరి అంకె మిగతా పదింటిని బట్టి లెక్కకట్టి వచ్చేది కాబట్టి తప్పు కొడితే చాలావరకు అక్కడే దొరికిపోతుంది. ఐదో స్థానం నుంచి అన్నీ అంకెలే, అక్కడ 'ఓ' ఉంటే అది సున్నా అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. బిల్ నంబర్‌కి ఇలాంటి కాపలా లేదు. కానీ ఇదీ గుర్తుంచుకోండి: సరైన నంబర్‌నే రెండుసార్లు కొడితే ఆ చివరి అంకె కూడా ఏమీ చెయ్యలేదు. ఆ పని మనిషే చెయ్యాలి.

ఒక బాక్స్ సంగతి నాకింకా బాధగానే ఉంది. దాని మీద రెండు డిక్లరేషన్లు. ఒకదాంట్లో సరుకు బరువు, రెండోదాంట్లో ఖాళీ బాక్స్ బరువు కూడా కలిపి వేశారు. తేడా రెండు టన్నుల పైన. ఏది నిజమని కస్టమ్స్‌వాళ్లు అడిగారు. వేసిన రెండు ఆఫీసులూ ఒకరి మీద ఒకరు చెప్పుకునేసరికి ర్యాక్ వెళ్లిపోయింది. బాక్స్ యార్డులో ఉండిపోయింది. గ్రౌండ్ రెంట్ (యార్డు అద్దె), డిటెన్షన్ (బాక్స్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు లైన్‌కి కట్టేది) అన్నీ కట్టింది బీర్‌గంజ్‌లో ఉన్న చిన్న వ్యాపారి. ఆయన ఫోన్ చేసి "భాయ్‌సాబ్, నేను కాగితం ఒక్కటే అడిగాను కదా" అన్నాడు. ఏం చెబుతాం?

యూరప్‌లో టీ1 ట్రాన్సిట్‌కి (సుంకం కట్టని సరుకు దేశాలు దాటే పద్ధతికి) బయల్దేరే చోటే అక్షరాలు, అంకెలు కలిపి 18 ఉండే నంబర్ ఒకటి ఇస్తారు. ఎన్ని సరిహద్దులు దాటినా గమ్యం చేరేదాకా అదే నంబర్. మనకూ నేపాల్ సరుకు మీద ఎలక్ట్రానిక్ సీల్ వచ్చింది, బాక్స్ ఎక్కడుందో దారి పొడవునా కనిపిస్తుంది, కాగితాల బరువు తగ్గింది. అంత దూరం వచ్చినవాళ్లం ఇంకో అడుగు వెయ్యలేమా? ఒక కంటైనర్ మీద మొదటి డిక్లరేషన్ ఇంకా మూయకుండా ఉంటే, రెండోది వేసేవాడికి సిస్టమే అడ్డుపడి పాత నంబర్ చూపించాలి. మన అసోసియేషన్లు అడగాల్సింది ఇది.

అంతవరకూ ఆఫీసుల్లో ఈపాటి కట్టుబాటైనా పెట్టుకోండి. బుకింగ్ రోజునే డిక్లరేషన్ ఎవరు వేస్తారో మెయిల్‌లో రాయించుకోండి, ఫార్వార్డర్‌కి, ఏజెంట్‌కి, లైన్‌కి ముగ్గురికీ కాపీ వెళ్లాలి. వేసినవాళ్లు నంబర్ రాగానే అదే మెయిల్‌కి జవాబుగా పెట్టాలి. మొదటిదాంట్లో తప్పుంటే కొత్తది వెయ్యకండి, దాన్నే సరిదిద్దమని అడగండి. కస్టమ్స్ చట్టం 1962లో 149వ సెక్షన్ ఉన్నది అందుకే. రెండోది ఇప్పటికే వెళ్లిపోయిందా? దాచకండి. బాక్స్‌కి సీల్ పడకముందే రెండు నంబర్లూ రాసి, ఏది ఉంచాలో, ఏది రద్దు చెయ్యాలో ఉత్తరం తీసుకుని ట్రాన్సిట్ పని చూసే కస్టమ్స్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లండి. ర్యాక్ కదిలాక వెళ్తే ఇదే పని పది రెట్లవుతుంది.