బజ్జీకి ఆధారం

మన ఊళ్లలో పేరూ వివరాలూ కొట్టేసే దొంగలు పెరిగారని వాపోవడం అన్యాయం. దొంగ అన్నాక గోడ దూకాలి, తాళం పగలగొట్టాలి. అంత శ్రమ మనం ఎవరికి పెట్టాం గనక? లాడ్జి గదికి, గ్యాస్ కనెక్షన్‌కి అడిగిందే తడవుగా ఆధార్ జిరాక్స్ ఇస్తాం. సంతకం పెట్టి మరీ ఇస్తాం.

ఇంట్లో మిగిలినవి పాత పేపర్లవాడికి తూకానికి వేస్తాం. కిలోకి ఇంకో రూపాయి వేయమని అరగంట బేరం. ఆ కట్టలో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, పాన్ కాపీలు మాత్రం కొసరు. అవి బజ్జీల బండికి చేరతాయి. నూనె పీల్చిన కాగితాన్ని రెండు వైపులా చదువుకోవచ్చు కాబట్టి, నాలుగు బజ్జీలు తినేసరికి ఎవరో పెద్దమనిషి ఈఎంఐ ఎంతో, చెక్కు ఎందుకు బౌన్స్ అయిందో తెలిసిపోతుంది. బజ్జీకి కారం తగ్గినా కథకి తగ్గదు.

గిట్టనివాళ్లు కొందరున్నారు. కాగితాన్ని అంకెల మీదుగా చింపమంటారు, నీళ్లలో నానబెట్టి ముద్ద చేయమంటారు. కొరియర్ డబ్బా పారేసేముందు అడ్రసు, ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరు పీకేయమంటారు. జిరాక్స్ మీద ఎందుకిస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా రాయమంటారు. ఇంత చాదస్తం ఉంటే పిల్లనెవరిస్తారు?

ఏలినవారిదీ మన మనసే. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఓ ప్రకటన ఇచ్చింది: కాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని. జనం భయపడ్డారు. 29న కేంద్రం ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త చాలంది. మన మామూలు జాగ్రత్త ఏమిటో పైన మనవి చేశాను.

అయినా చెత్తబుట్టను అనుమానించడం దేనికి? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి పోలీసులకు చిక్కాడు. అతను ఒక్క చెత్తకుండీ కెలకలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి భూముల దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో, రబ్బరు స్టాంపులు చేసే యంత్రం మీద నకిలీ వేలిముద్రలు తయారుచేసి, అమ్మకాల టార్గెట్ కోసం వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. మనం చింపడం మరిచిపోయిన కాగితం కాదది, సర్కారు భద్రంగా దాచిన కాగితం.

ఇక భోగి పండగ. పాతవి తగలబెట్టడానికి పెద్దలు ఏడాదికో రోజు ఇచ్చారు. మనం ఆ మంటలో తాతగారి టేకు కుర్చీ వేసి, పదేళ్లనాటి స్టేట్‌మెంట్లు మాత్రం పాత పేపర్లవాడి కోసం అటక మీద దాస్తాం.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ సైట్‌లో చూసుకోవచ్చు. తెలియని నంబరు కనిపిస్తే నాది కాదని అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. కానీ తొందరపడకండి. సొంత పిల్లలే చేయని పని, పాపం, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చేస్తున్నాడు: ఊరూరా మీ పేరు నిలబెడుతున్నాడు.