గూగుల్ ముద్ర ఉంటేనే బ్యాంకు నమ్ముతుందా?

గూగుల్ కంట పడకుండా ఫోను వాడుకోవాలనుకునేవారికి దారులు లేకపోలేదు. ఫోనును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఓఎస్‌ను, మార్చేసుకోవచ్చు. గ్రాఫీన్ ఓఎస్, లీనేజ్ ఓఎస్, ఫ్రెంచి ప్రోగ్రామర్ గేల్ దువాల్ మొదలుపెట్టిన ఈ-ఓఎస్, అన్నీ ఎవరైనా వాడుకోగల ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మీద కట్టినవే. భద్రతలో గ్రాఫీన్‌దే పైచేయి. అది కావాలంటే గూగుల్ వారి పిక్సెల్ ఫోనే కొనాలన్నది వేరే తమాషా!

ఇంత శ్రమ దేనికంటారా? వాడకుండా పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోను కూడా సగటున నాలుగున్నర నిమిషాలకోసారి గూగుల్‌కు సమాచారం పంపుతోందని డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021లో తేల్చారు. ఆపిల్‌కు ఐఫోను పంపేదీ అంతే తరచుగా.

అయినా జనం మారడం లేదు. బద్ధకం వల్ల అనుకుంటే పొరపాటే. కొత్త ఓఎస్ ఎక్కించుకున్నాక బ్యాంకు యాప్ తెరుచుకుంటుందో లేదో నమ్మకం లేదు. ఈ ఫోను నమ్మదగినదేనా అని చాలా యాప్‌లు 'ప్లే ఇంటెగ్రిటీ' అనే తనిఖీ సేవ ద్వారా ముందు గూగుల్‌ను వాకబు చేస్తాయి. గూగుల్ ధ్రువీకరించిన ఫోను అయితే, ఏళ్ల తరబడి భద్రతా అప్‌డేట్ అందని పాత సరుకైనా చాలాసార్లు గట్టెక్కుతుంది. నిన్నటి లోపాన్ని ఈరోజే సరిదిద్దుకున్న గ్రాఫీన్ ఫోను మాత్రం గుమ్మం బయటే ఆగిపోవచ్చు. దీన్ని భద్రత అంటారా, గుత్తాధిపత్యం అంటారా?

మోసాలను అరికట్టడానికే ఈ తనిఖీ అని బ్యాంకులు అంటాయి. ఫోనులోకి ఏ ఓఎస్ ఎక్కాలో కాపలా కాసే బూట్‌లోడర్‌ను తెరిచి ఉంచిన ఫోన్ల విషయంలో ఆ భయం సబబే. కానీ గ్రాఫీన్ ఎక్కించాక బూట్‌లోడర్‌ను మళ్లీ బిగించవచ్చు. ఆ ఫోనులో నడుస్తున్నది అసలైన గ్రాఫీనే అని చిప్ స్థాయిలోనే నిర్ధారించుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉంది. మధ్యలో గూగుల్ సాక్ష్యం అక్కర్లేదు. దాన్ని వాడుకునే ఓపికే బ్యాంకులకు లేదు.

ఆండ్రాయిడ్ మార్కెట్లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని 2022లో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత జరిగాక కూడా, కూరగాయల బండి దగ్గర సైతం చెల్లే యూపీఐకి ఎవరి ఫోను పనికొస్తుందో ఒక విదేశీ కంపెనీ తేల్చడమేమిటి? డిజిటల్ స్వావలంబన గురించి ఊదరగొట్టే ప్రభుత్వానికి ఇది పట్టదా? చిప్ స్థాయి ధ్రువీకరణను కూడా అంగీకరించి తీరాలని రిజర్వు బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ కలిసి బ్యాంకులను ఆదేశించాలి. ఏ ఓఎస్ మంచిదో ఆ తర్వాత తీరిగ్గా వాదించుకుందాం.