తాకోయాకితో తీరని బాకీ

గుంత పొంగనాల పెనం చూసినవాళ్లకి తాకోయాకి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అలాంటి గుంతల పెనంలోనే పిండి పోసి, మధ్యలో ఆక్టోపస్ ముక్క పెట్టి, పుల్లతో తిప్పుతూ గుండ్రంగా కాల్చి, పైన సాస్ రాసి వేడివేడిగా ఇస్తారు. జపాన్‌లో వీధి బండ్ల మీద దొరికే తిండి. 'వన్ పీస్' అనే మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథలో, ఒక మాజీ సముద్రపు దొంగ తన చేత్తో చేసిన తాకోయాకిని ఒక అమ్మాయికి ఇచ్చి, ఎలా ఉందంటుందోనని బెరుకుగా చూస్తాడు. ఆమె తింటుంది. దీంతో పాతదేమీ చెల్లైపోదని చెప్పేస్తుంది. రుచి మాత్రం చాలా బాగుందని కూడా చెబుతుంది.

ఆ అమ్మాయి నామీ, కథానాయకుడు లూఫీ నడిపే సముద్రపు దొంగల బృందంలో మనిషి. వండి పెట్టినవాడు హాచి, ఆరు చేతుల ఆక్టోపస్ మత్స్యమానవుడు. ఒకప్పుడు నామీ ఊరిని చెరపట్టిన ఆర్లాంగ్ ముఠాలో ముఖ్యుల్లో ఒకడు.

ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టి ఇప్పటికీ గీస్తూనే ఉన్న ఈ కథలో పక్షం మారిన విలన్లకి లెక్కలేదు. అభిమానుల మధ్య ఆ మాట వస్తే ముందు గుర్తొచ్చేది క్రోకడైల్, ఆ తర్వాత బాన్ క్లే. హాచి పేరు ఎవరి నోటా రాదు. నా మటుకు నాకు, విలన్ మారడమంటే ఏమిటో ఓడా అన్నిటికంటే నిజాయితీగా రాసింది ఈ ఆక్టోపస్ విషయంలోనే. ఎవరి పక్కన నిలబడి కత్తి దూశాడన్నది అసలు లెక్క కాదు. ఎవరికి అన్యాయం చేశాడో ఆ మనిషి ఎదుటికి వెళ్లాడా, వెళ్లి ఏం చేశాడు, ఆ మనిషి ఏమంది అన్నదే లెక్క.

ముందు బాకీ ఎంతో చూడాలి. కోకోయాషి ఊరి మీద ఆర్లాంగ్ వేసిన కప్పం నెలకి పెద్దవాళ్లకి తలకి లక్ష బెలీలు (ఆ కథలో డబ్బు పేరు), పిల్లలకి 50 వేలు. కట్టకపోతే చావే. నామీని పెంచిన బెల్మేర్ దగ్గర ఆ రోజు ఉన్నది ఇంచుమించు లక్ష. పిల్లలు లేరని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బతికేది. ఆ డబ్బు ఇద్దరు కూతుళ్లకి కట్టి, వాళ్ల కళ్ల ముందే ప్రాణం వదిలింది. పక్కనున్న గోసా అనే ఊరు కప్పం కట్టలేకపోతే ఇళ్లు తలకిందులు చేసి పోయారు. పదేళ్ల నామీ ఆ ముఠాకే సముద్ర పటాలు గీసిపెడుతూ, పది కోట్ల బెలీలు తెస్తే ఊరిని వదిలేస్తామన్న మాట నమ్మి ఎనిమిదేళ్లు దొంగతనాలు చేసింది. 9 కోట్ల 30 లక్షలు కూడబెట్టాక, ఆర్లాంగ్ లంచం మేపిన నేవీ అధికారి వచ్చి ఆ డబ్బంతా పట్టుకుపోయాడు. భుజం మీదున్న ఆర్లాంగ్ గుర్తుని నామీ కత్తితో తనే పొడుచుకునే పేజీ చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

ఈ ఎనిమిదేళ్లూ హాచి అక్కడే ఉన్నాడు. అప్పట్లో ఓడా అతన్ని నవ్వించే పాత్రగా గీశాడు. తమ ముఠావాళ్లని చిత్తు చేసిన జోరోని, లూఫీ బృందపు కత్తివీరుణ్ణి, అతిథి అనుకుని, కుండలో కూర్చోబెట్టి మరీ సముద్రం మీద దిగబెట్టి వస్తాడు. అమాయకుడు, మతిమరుపు మనిషి. కానీ అమాయకుడైనా కప్పం డబ్బు తిన్నవాడే. ఆర్లాంగ్ ఓడిపోయాక నేవీ వాళ్లకి దొరికి, తప్పించుకుని, చిన్నప్పటి నుంచి కలలుగన్న తాకోయాకి కొట్టు పెట్టుకున్నాడు. ఈ సంగతంతా ఓడా అధ్యాయాల ముందుండే చిన్న చిన్న బొమ్మల్లోనే చెప్పుకుంటూ వచ్చాడు. చాలామంది వాటిని తిప్పేస్తారు. నేనూ మొదటిసారి తిప్పేశాను. అందుకే కొన్ని వేల పేజీల తర్వాత మత్స్యకన్య కేమీ తన స్నేహితుణ్ణి ఎవరో ఎత్తుకెళ్లారని లూఫీ బృందాన్ని సాయం అడిగినప్పుడు, ఆ స్నేహితుడు హాచి అని తెలిసి నాకూ కాలు వెనక్కే పడింది.

అక్కడ ఓడా చేసిన పని గమనించాలి. లూఫీ ఆ బృందానికి కెప్టెన్. సాధారణంగా ఎవరిని కాపాడాలో, ఎవరిని కొట్టాలో క్షణంలో తేల్చేస్తాడు. ఆర్లాంగ్ సంగతి విన్న రోజు కూడా నామీ గతం తనకి అక్కర్లేదని లేచి నడిచి వెళ్లిపోయినవాడు. ఇక్కడ మాత్రం తేల్చే మాట నామీ నోటి నుంచే రావాలి. ఆమె సరే అన్నాకే హాచిని విడిపించే పోరాటం మొదలవుతుంది.

పక్షం మారడం అనగానే మన తెలుగువాళ్లకి గుర్తొచ్చేవాడు విభీషణుడు. సముద్రం దాటి శరణు కోరి వస్తే సుగ్రీవుడు వద్దన్నాడు, రాముడు అభయమిచ్చాడు. ఆ ఘట్టంలో నిర్ణయం నాయకుడిది, అది సరైనదే, ఎందుకంటే విభీషణుడు సీతకి చేసిన కీడంటూ లేదు. ఆమెని తిరిగి అప్పగించమని అన్న కాళ్లావేళ్లా పడినవాడు. చిక్కల్లా మనం ఆ లెక్కనే అందరికీ వాడటంతో వస్తుంది. నాయకుడు మెడలో కండువా కప్పితే నిన్నటిదాకా చేసినవన్నీ మాసిపోయినట్టే చూడటం మన రాజకీయాల్లో మామూలైపోయింది. దెబ్బతిన్న ఊరివాళ్లని అడిగేవాళ్లు ఎవరు? హాచి కథలో ఆ ప్రశ్నకి జవాబుంది. హీరో సరే అన్నంత మాత్రాన పని అయిపోదు, నామీ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఆమె కూడా పూర్తిగా సరే అనలేదు. తాకోయాకి తింటూనే బాకీ అలాగే ఉందని గుర్తు చేసింది. క్షమాపణ అడిగినవాడికి వెంటనే క్షమాభిక్ష దొరకాలని చాలా కథలు తొందరపడతాయి. దెబ్బతిన్న మనిషే గొప్ప మనసు చేసుకోవాలని ఒత్తిడి పెడతాయి. నామీ మీద ఆ ఒత్తిడి లేదు. హాచి కూడా బతిమాలలేదు, వంక పెట్టలేదు, ఆర్లాంగ్ చెప్పాడు కాబట్టి చేశానని అనలేదు. వండి పెట్టాడు, అంతే.

అతని అసలు పరీక్ష సబావోడీ దీవుల్లో, మనుషుల్ని వేలం వేసే ఇంట్లో జరుగుతుంది. ఆ దీవుల్లో మత్స్యమానవులంటే అసహ్యం. దొరికితే పట్టి అమ్మేస్తారు. హాచి తన చేతుల్ని బట్టల్లో దాచుకుని, మామూలు మనిషిలా తిరుగుతూ లూఫీ వాళ్లకి దారి చూపిస్తుంటాడు. ఇంతలో కేమీని ఎత్తుకెళ్లి వేలంలో పెడతారు. గొడవ పడితే నేవీ అడ్మిరలే దిగుతాడు కాబట్టి డబ్బిచ్చే విడిపించుకుందామని బృందం కూర్చుంటుంది. చేతిలో 20 కోట్ల బెలీలు. ఏం చేసినా అడిగేవాళ్లు లేని ప్రభువులు, సెలెస్టియల్ డ్రాగన్ల వంశానికి చెందిన చార్లోస్ నోరు తెరుస్తూనే 50 కోట్లంటాడు. పాట అక్కడితో ముగిసింది.

ఇక్కడ నామీని చూడండి. జీవితంలో రెండోసారి డబ్బు పోగేసి ఒకరి స్వేచ్ఛ కొనాలని చూసింది. మొదటిసారి తన ఊరి కోసం. రెండోసారి, ఆ ఊరిని చెరపట్టినవాడి స్నేహితురాలి కోసం. రెండుసార్లూ ఆ డబ్బు అధికారం ముందు కొరగాకుండా పోయింది. డబ్బంటే ప్రాణం పెట్టే నామీ ఉన్నదంతా ఊడ్చిపెట్టడానికి సిద్ధపడిందంటే, హాచితో ఆమెకి ఏ మాటా అనాల్సిన అవసరం లేదు. నాకైతే 'క్షమించాను' అన్న మాటకంటే అదే పెద్దది.

ఆ తర్వాత కోపంతో ముందుకు దూకుతున్న లూఫీని ఆపబోయి హాచి తన చేతులు బయటపెట్టేసుకుంటాడు. హాలంతా అసహ్యంతో అరుస్తుంది. చార్లోస్ తుపాకీ పేల్చి, ఉచితంగా ఒక మత్స్యమానవుడు దొరికాడని గంతులేస్తాడు. నెత్తుటి మడుగులో పడి ఉన్న హాచి లూఫీని బతిమాలేది పగ తీర్చమని కాదు, కోపం తెచ్చుకోవద్దని. నామీకి కాస్తయినా చేసిన తప్పు దిద్దుకుందామనుకున్నానని, చివరికి మళ్లీ మీకే తలనొప్పి తెచ్చానని చెప్పుకుంటాడు. లూఫీ ఒక్క మాట అనడు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి వెళ్లి చార్లోస్ మొహం మీద గుద్దుతాడు. 2008లో వచ్చిన 502వ అధ్యాయం అది. ఆ ఒక్క గుద్దుకి బృందం చెల్లించిన ధర చిన్నది కాదు. అడ్మిరల్ కిజారు దిగాడు, ఎవరికి వారు తలో దిక్కుకి విసిరివేయబడ్డారు, మళ్లీ కలవడానికి రెండేళ్లు పట్టింది. ఆర్లాంగ్ మనిషి కోసం ఇంత పోగొట్టుకున్నామే అని ఆ తొమ్మిది మందిలో ఒక్కరూ అనలేదు.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయలేను. హాచిని ఓడా ముందు నుంచే తేలిక చేశాడు. బెల్మేర్ మీద తుపాకీ పేల్చింది ఆర్లాంగ్. హాచి చేతులతో ఎవరినైనా చంపడం ఆ ఊళ్లో మనకి చూపించలేదు. ఇలాంటివాణ్ణి క్షమించడం పాఠకుడికి సులువే. అదే చేప ముఠాలో క్రూరంగా కనిపించిన కురోబీనో చ్యూనో తాకోయాకి తెచ్చి ఉంటే మనం ఇలాగే కళ్లు తుడుచుకునేవాళ్లమా? ఆ కష్టమైన కథ ఓడా రాయలేదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. హాచి దగ్గర బాకీ లేనట్టు నటించే వీలున్నా కథ అలా చేయలేదు.

క్రోకడైల్ దగ్గరికి వస్తే తేడా తెలుస్తుంది. అలబాస్టా అనే ఎడారి దేశంలో వానల్ని దొంగిలించి, రాజధానిలో మాత్రం కురిపించి, ఆ నింద రాజు కోబ్రా మీద వేసి, జనాన్ని జనం మీదికే ఉసిగొల్పినవాడు. యూబా అనే ఊళ్లో టోటో అనే ముసలాయన ఇసుకలో ఒంటరిగా రాత్రంతా తవ్వి, కొద్దిపాటి నీళ్లు పట్టి లూఫీకి ఇస్తాడు. ఆ నీళ్లు లేకుండా చేసింది క్రోకడైలే. తర్వాత అన్న ఏస్‌ని విడిపించడానికి లూఫీ వెళ్లిన జైల్లో అతను కలిసొస్తానన్నప్పుడు లూఫీ ముందు ఒప్పుకోలేదు, తన స్నేహితురాలు, కోబ్రా కూతురు వివి దేశాన్ని నాశనం చేయబోయినవాడని. అదే జైల్లో ఉన్న విప్లవకారుడు ఐవాంకోవ్ హామీ మీద కలుపుకున్నారు. మెరైన్‌ఫోర్డ్ యుద్ధంలో ఏస్ తల మీద పడబోయే కత్తుల్ని ఇసుకతో ఎగరగొట్టాడు. నేవీ అడ్మిరల్ అకైనుకి అడ్డం నిలబడి లూఫీ తప్పించుకునేలా చేశాడు. ఆ పేజీలకి నేనూ చప్పట్లు కొట్టాను, అవి అంత గొప్పగా గీశాడు.

కానీ ఆ చప్పట్ల మధ్యలో టోటో ఎక్కడున్నాడు? వివి ఎక్కడుంది? క్రోకడైల్ లూఫీకి సాయం చేశాడు. లూఫీకి అతను బాకీ లేడు, ఉన్నది అలబాస్టాకి. పక్షం మారాడు సరే, మొహం మాత్రం ఆ ఎడారి వైపు ఒక్కసారీ తిప్పలేదు. అతను మారానని చెప్పుకోనూ లేదు, ఆ నిజాయితీ ఒప్పుకుంటాను. అతన్ని మంచివాళ్ల ఖాతాలో వేసేసింది మనమే, పాఠకులం.

కథ ఇంకా అయిపోలేదు. క్రోకడైల్ ఇప్పుడు బగ్గీ, మిహాక్‌లతో కలిసి క్రాస్ గిల్డ్ అనే ముఠా నడుపుతున్నాడు. కోబ్రా చనిపోయాడు, ఇక ఆయనకి ఎవరూ ఏమీ చెప్పుకోలేరు. వివి ఉంది. తండ్రిని పోగొట్టుకుని, దేశానికి దూరంగా ఉంది. ఆ ఇద్దరూ ఎప్పుడైనా ఒకే పేజీలోకి వస్తే, ముందు ఎవరు మాట్లాడతారో, వివి అతని మొహం చూసి ఏమంటుందో చూడాలని ఉంది.