అబ్రాహాము అబద్ధం ఆడలేదా అంటున్నవారికి

రాజోలు, పాలకొల్లు వైపు క్రైస్తవ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "కాపురం నిలవడానికి ఆడే అబద్ధం పాపం కాదు. అబ్రాహాము ఆడాడు, రాహాబు ఆడింది, యాకోబు ఆడాడు. ముగ్గురినీ దేవుడు దీవించాడు. చేసిన అప్పు ఇంట్లో చెబితే గొడవ, చెప్పకపోతే శాంతి." కింద వరుసగా ఆమేన్‌లు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెతకు బైబిలు ముసుగు వేశారన్నమాట.

అబ్రాహాము ఐగుప్తులో (ఈజిప్టులో) భార్య శారాను చెల్లెలని చెప్పింది తన ప్రాణం కోసం. దాంతో ఆమె అక్కడి రాజు ఫరో ఇంటికి పోవలసి వచ్చింది. ఆ కాపురాన్ని నిలబెట్టింది ఫరో ఇంటిమీదికి తెగుళ్లు పంపిన దేవుడు. గెరారు అనే ఊళ్లోనూ అదే కథ. అక్కడ దొరికిపోయాక, తండ్రి ఒకడే, తల్లులు వేరు అని సంజాయిషీ! తరువాత అదే గెరారులో కొడుకు ఇస్సాకు కూడా భార్యను చెల్లెలన్నాడు. తండ్రి ఆస్తితోపాటు ఇదీ వచ్చింది.

రాహాబు బొంకింది, యెరికో పట్టణంలో తన ఇంట దాచిన ఇశ్రాయేలు వేగులవారిని పట్టుకోవడానికి వచ్చిన రాజు మనుషుల ముందు. అది తప్పా ఒప్పా అని పండితులు వాదించుకోనివ్వండి. భార్యాపిల్లలు మనల్ని చంపడానికి వచ్చినవాళ్లు కారు కదా. పైగా యెరికో కూలిననాడు రాహాబు తల్లిదండ్రులూ అన్నదమ్ములూ ఆమె ఇంట్లోనే ఉండి బతికారు. ఆమె మాట మీద నమ్మకం లేకపోతే వచ్చేవారా?

ఇక యాకోబు. సందేశం రాసినవారు ఆదికాండం 27వ అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేసినట్టున్నారు. అన్నలా నటించి అన్న దీవెన కొట్టేయమని, మేకపిల్లల తోళ్లు చేతులకు కట్టి, చూపు లేని తండ్రి దగ్గరికి పంపింది తల్లి రిబ్కాయే. అన్న కోపం చల్లారేదాకా కొన్నాళ్లు మామ ఇంట్లో ఉండమంది. ఆ కొన్నాళ్లు 20 ఏళ్లయ్యాయి. తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు ఎక్కడా లేదు. మామ లాబాను రాహేలుకు బదులు లేయాను అంటగట్టాడు. పెద్దయ్యాక సొంత కొడుకులే తమ్ముడు యోసేపును అమ్మేసి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి చూపారు. ఏడుస్తున్న తండ్రిని ఓదార్చినవారూ వాళ్లే! సుమారు 22 ఏళ్లకు "యోసేపు బతికే ఉన్నాడు" అని నిజం చెబితే ఆయన నమ్మలేకపోయాడు. యోసేపు ఐగుప్తు నుంచి పంపిన బండ్లు కళ్లతో చూడవలసి వచ్చింది.

కువైట్‌లో ఇంటిపని చేసి డబ్బు పంపే భార్యకు, స్లాబు పడిందని ఫోనులో బొంకిన భర్త, తరువాత నిజంగానే వేయించి ఫోటో పంపితే ఆమె ఏమనుకుంటుంది? ఫోటో ఎవరి ఇంటిదో అనుకుంటుంది.

యోసేపు క్షమించి 17 ఏళ్లు పోషించినా, తండ్రి పోగానే అన్నలకు మళ్లీ భయం. మమ్మల్ని క్షమించమని నాన్న చెప్పి పోయాడంటూ కబురు పంపారు. తండ్రి అలా చెప్పినట్టు ఆదికాండంలో లేదు. ఆ కబురు విని యోసేపు ఏడ్చాడు.

మిగిలింది "చెప్పకపోతే శాంతి". అపొస్తలుల కార్యాల్లో పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామన్న దంపతులు అననీయ, సప్పీరా ఒక్కమాట మీదే ఉన్నారు, ఇంట్లో గొడవ లేదు. పొలం వాళ్లదే, అమ్మిన సొమ్మూ వాళ్లదేనని పేతురు ఒప్పుకున్నాడు. తప్పుపట్టింది అబద్ధాన్ని. ఇక అప్పు సంగతి. కౌలు చెరువులో రొయ్య తెల్లమచ్చల తెగులుతో పోయినప్పుడే మేత బాకీ ఇంట్లో చెబితే, నలుగురూ కూర్చుని ఏది అమ్మాలో, ఏది ఆపాలో చూసుకుంటారు. దాచి, ఆ నష్టం పూడ్చాలని మరో పంటకు అప్పు తెస్తే, నోటు పట్టుకుని గుమ్మంలో నిలబడినవాడి నోటివెంటే ఆ సంగతి భార్యకు తెలుస్తుంది.